బంగారం పంపింది ఎవరు? నాయకులు రాసిన ఆర్థిక గ్రంథాలను పోల్చి చదవడం గురించి

పాఠకుని ప్రశ్న: ఆర్యా, గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టులో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. సీజను ముగిసి సరుకు రాక తగ్గిన నెలల్లో చదువుకోవడానికి కొంత తీరిక దొరుకుతుంది. ఈసారి ఇద్దరు మిత్రులు చెరొక పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఒకటి మాజీ ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా రాసిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ స్వదేశీ రిఫార్మర్', రెండవది జైరాం రమేశ్ రాసిన 'టు ది బ్రింక్ అండ్ బ్యాక్'. రెండూ చదివాక 1991లో దేశం బంగారాన్ని విదేశాలకు పంపింది చంద్రశేఖర్ ప్రభుత్వమా, పి.వి. ప్రభుత్వమా అన్నది నాకు తేలలేదు. మిత్రులిద్దరూ రోజూ కొట్టు ముందు కూర్చుని ఇదే వాదన. రాజకీయ నాయకులు ఆర్థిక విషయాల మీద, వ్యాపారం మీద రాసిన పుస్తకాలలో దేన్ని నమ్మాలి? ఒకదానితో మరొకదాన్ని ఎలా పోల్చాలి? మా అమ్మాయి ఈ ఏడాది ఎం.బి.ఎ.లో చేరింది. ఆమె చేత ఏది చదివించమంటారు?

సమాధానం: మీ మిత్రుల వాదనను ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఇద్దరూ చెప్పేది నిజమే. 1991లో బంగారం ఒక్కసారి కాదు, రెండు విడతలుగా, రెండు వేర్వేరు పద్ధతులలో, ఇద్దరు ప్రధానుల కాలంలో దేశం దాటింది. మొదటి విడత మే నెలలో జరిగింది. అప్పుడు ప్రధాని చంద్రశేఖర్, ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా. దొంగ రవాణాదారుల దగ్గర జప్తు చేసిన బంగారంలో 20 టన్నులను స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్‌లోని ఒక బ్యాంకుకు, తిరిగి కొనుక్కునే హక్కు ఉంచుకుని, అమ్మారు. దాని మీద సుమారు 20 కోట్ల డాలర్లు వచ్చాయి. రెండవ విడత జూలైలో, పి.వి. నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా జరిగింది. ఈసారి రిజర్వు బ్యాంకు తన సొంత నిల్వలలో నుంచి దాదాపు 47 టన్నులను దఫాలవారీగా ఇంగ్లండ్‌కు తరలించి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల నుంచి 40 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చింది. మొదటిది అమ్మకం, రెండవది తాకట్టు. మీ యార్డు లెక్కలో చెప్పాలంటే, సరుకు అమ్మేసి మళ్లీ మాకే ఇవ్వాలని మాట తీసుకోవడం ఒకటి, కోల్డ్ స్టోరేజీ బాండు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవడం ఒకటి. రెండింటినీ కలిపి 'బంగారం తాకట్టు' అని ఒకే మాటతో చెప్పుకోవడం అలవాటైపోవడం వల్లనే ఈ తగవు పుట్టింది.

ఇంత చిన్న సంగతి తేలడానికి రెండు పుస్తకాలు చదివినా చాలలేదంటే అది మీ లోపం కాదు. ఆ పుస్తకాల స్వభావమే అంత. ఒక్కొక్క రచయితా తాను గదిలో ఉన్నప్పుడు జరిగినదాన్ని విస్తారంగా, తాను లేనప్పుడు జరిగినదాన్ని క్లుప్తంగా చెబుతాడు. దీన్ని అబద్ధం అనలేము. సిన్హా గారు 1990 నవంబరు నుంచి 1991 జూన్ దాకా ఆర్థిక మంత్రిగా ఉన్నారు. విదేశీ మారకద్రవ్యం అడుగంటుతున్న ఆ నెలల్లో, మైనారిటీ ప్రభుత్వంలో, పూర్తి బడ్జెట్ పెట్టే అవకాశం కూడా దక్కని మంత్రి ఆయన. మందు చేదని తెలిసి కూడా మొదటి గుక్క తాగించింది మేమే అని చెప్పుకోవాలని ఆయనకు ఉండడంలో ఆశ్చర్యం లేదు. జైరాం రమేశ్ 1991 జూన్ చివర ప్రధాని కార్యాలయంలో చేరి, అక్కడ మూడు నెలలకు మించకుండా ఉన్న మనిషి. ఆయన పుస్తకం ఆ కొద్ది వారాల చుట్టూ తిరుగుతుంది. పైగా ఆనాటి పత్రాలను, ప్రసంగాలను కూడా చేర్చడం వల్ల, ఆయన అభిప్రాయంతో మనకు పనిలేకపోయినా ఆ పుస్తకంతో పని ఉంటుంది.

ఇక ప్రచురణ సంవత్సరాలు చూడండి. సిన్హా గారి పుస్తకం 2007లో వచ్చింది. 2004 ఎన్నికలలో తమ కూటమి ఓడిపోయి, సంస్కరణల పితామహుడన్న పేరుతో మన్మోహన్ సింగ్ ప్రధానిగా ఉన్న రోజులు అవి. రమేశ్ పుస్తకం 2015లో వచ్చింది. అంతకు ఏడాది ముందు కాంగ్రెస్ దారుణంగా ఓడిపోయింది. ఇద్దరూ ఓటమి తర్వాతనే రాశారు, ఇద్దరికీ తమ వారి ఖాతాలో జమ కావలసినది ఒకటి మిగిలిపోయిందన్న భావం ఉంది. నాయకుల పుస్తకం చేతికి రాగానే నేను ముందు చూసేది విషయసూచిక కాదు, ప్రచురణ సంవత్సరం. ఆ సంవత్సరంలో రచయిత ఏ కుర్చీలో ఉన్నాడు, ఏ కుర్చీ పోగొట్టుకున్నాడు, ఏ కుర్చీ కోసం ఎదురుచూస్తున్నాడు అన్నది తెలుసుకున్న తర్వాతనే మొదటి పేజీ తిప్పుతాను.

అదే జూలైలో జరిగిన మరొక సంగతి ఈ పోలికకు ఇంకా బాగా పనికివస్తుంది. రూపాయి విలువను జూలై 1న ఒకసారి, 3న ఒకసారి, రెండు మెట్లుగా తగ్గించారు. మొదటి మెట్టు తర్వాత వచ్చిన గగ్గోలు చూసి, రెండవది ఆపమని ప్రధాని నుంచి మాట వచ్చిందని, మన్మోహన్ సింగ్ రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్‌కు ఫోను చేసేసరికే ప్రకటన వెలువడిపోయిందని రమేశ్ పుస్తకం చెబుతుంది. ఆ మర్నాడు వాణిజ్య మంత్రిగా ఉన్న చిదంబరం ఎగుమతిదారులకు ఇచ్చే నగదు సబ్సిడీని ఎత్తివేసే కొత్త విధానాన్ని ప్రకటించారు. ఆ వారంలో పాత్రధారులైన వారిలో ఎంతమంది తర్వాత రచయితలయ్యారో గమనించండి. మంత్రి చిదంబరం రాశారు, అధికారిగా ఉన్న రమేశ్ రాశారు, దిగిపోయిన మంత్రి సిన్హా రాశారు. నిర్ణయం బరువు మోసిన పి.వి. నరసింహారావు మాత్రం ఆ నెల గురించి ప్రత్యేకంగా ఏ పుస్తకమూ రాయలేదు. పదిహేడు భాషలు తెలిసిన మనిషిగా పేరుపడి, తెలుగులో నుంచి, తెలుగులోకి అనువాదాలు చేసిన వ్యక్తి, తన పేరు మీద వచ్చిన 'లోపలి మనిషి' నవలను కూడా ముఖ్యమంత్రి పదవి పోయిన కాలం దగ్గరే ఆపేశారు. కాబట్టి 1991 గురించి మనం చదువుతున్నదంతా ఒక తెలుగువాడి మౌనం చుట్టూ ఇతరులు కట్టిన గోడలేనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. మీ మిత్రులు తగవు ఆడుకోవలసింది దీని మీద.

మీరు అడిగిన 'ఎలా పోల్చాలి' అన్నదానికి వస్తాను. పుస్తకాన్ని పుస్తకంతో పోల్చకండి. ఒక సంఘటనను గానీ, ఒక లెక్కను గానీ తీసుకుని, దాన్ని ఒక్కొక్కరు ఎలా చెప్పారో చూడండి. మీ దగ్గరికి వచ్చే రైతు తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్కచీటీ, చేతికి రాగానే అడుగున ఉన్న మొత్తం చూసి ఊరుకోడు. తూకం ఎంత వేశారు, తరుగు ఎంత తీశారు, కమీషన్, హమాలీ ఎంత పట్టారు అని పై నుంచి కిందికి వేలు పెట్టి చూస్తాడు. నాయకుడి పుస్తకం కూడా అలా చదవవలసినదే. అభివృద్ధి ఇంత, పెట్టుబడి ఇంత, ఉద్యోగాలు ఇన్ని అన్నవి అడుగున ఉండే మొత్తాలు. ఆ మొత్తం ఏ సంవత్సరంతో పోల్చి చెప్పాడు, లెక్క ఎవరి దగ్గర తీసుకున్నాడు, తన పక్షానికి నష్టం చేసే అంకె ఒక్కటైనా దాచకుండా ఇచ్చాడా అన్నవే తరుగూ కమీషనూ.

ఈ పరీక్షకు నిలబడిన మొదటి పుస్తకం దాదాభాయి నౌరోజీది. 'పావర్టీ అండ్ అన్-బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా' 1901లో లండన్‌లో అచ్చయింది. అందులో చాలా భాగం అంతకు ముందు ముప్పై ఏళ్లలో ఆయన చదివిన పత్రాలు, చేసిన ప్రసంగాలు, అధికారులతో నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు. కాబట్టి ఒక క్రమంలో సాగే గ్రంథం కోసం చూస్తే నిరాశపడతారు. చెప్పినదే మళ్లీ చెబుతాడు, ఉత్తరం మధ్యలో పట్టిక, పట్టిక మధ్యలో ఫిర్యాదు. అయినా మీకు దీన్ని గట్టిగా సిఫారసు చేయడానికి కారణం, ఆయన మీలాగే లెక్క పుస్తకాల మనిషి కావడం. లండన్‌లో ప్రత్తి వ్యాపారం చేశాడు. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు ఎన్నికైనప్పుడు వచ్చిన ఆధిక్యత చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత.

నౌరోజీ వాదించిన తీరు చూడండి. దేశంలో పండిన పంటకు, తయారైన సరుకుకు విలువ కట్టి జనాభాతో భాగిస్తే, 1867-70 ప్రాంతంలో మనిషికి ఏడాదికి వచ్చేది సుమారు 20 రూపాయలు అని ఆయన తేల్చాడు. ఈ అంకెను ఎవరైనా కొట్టిపారేయవచ్చు కాబట్టి, పక్కనే మరొక లెక్క పెట్టాడు. జైళ్లలో ఒక ఖైదీ తిండికి, బట్టకు ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతున్నదో ప్రభుత్వ నివేదికలలోనే ఉన్నది. నేరస్థుడికి ఇచ్చే తిండిబట్టలు దేశంలోని ప్రతి మనిషికీ ఇవ్వాలన్నా ఈ ఉత్పత్తి సరిపోదని చూపించాడు. అక్కడితో ఆగక, కూలీలను ఓడలెక్కించి దీవులకు పంపేటప్పుడు, ఏ పనీ చేయకుండా కూర్చుని ప్రయాణం చేసే కూలీకి ప్రాణం నిలవడానికి ఎంత తిండి కావాలని ప్రభుత్వ వైద్యాధికారి నిర్ణయించాడో ఆ కొలతను కూడా తెచ్చి పక్కన పెట్టాడు. వాదన అంతా ఎదుటివాడి చిట్టాలో నుంచే తీసినది. తన సొంత అంకె అంటూ ఆయన దాదాపు ఏమీ వాడలేదు.

మీకు నచ్చే భాగం ఇంకొకటి ఉంది. అధికారులు సగటు ధర కట్టే పద్ధతిని ఆయన దుమ్మెత్తిపోశాడు. జిల్లాల ధరలన్నీ కూడి జిల్లాల సంఖ్యతో భాగించడం అప్పటి అలవాటు. ఏ జిల్లాలో ఎంత సాగు, ఎంత పంట అన్నది చూసేవారు కాదు. తేజ రకం వంద బస్తాలు ఒక రేటుకు, తాలు పది బస్తాలు మరో రేటుకు అమ్మి, రెండు రేట్లూ కూడి రెండుతో భాగించి, ఇదీ ఈ రోజు సగటు అని మీ యజమానికి చెబితే ఏమంటాడు? వంద సంవత్సరాల తర్వాత నేటికీ మనకు చూపించే అనేక సగటులు ఆ జాతివే. సంపద ఇంగ్లండ్‌కు ప్రవహించి పోతున్నదన్న ఆయన సిద్ధాంతంలో ఏ భాగం ఎంతవరకు నిలుస్తుందన్న దాని మీద ఆర్థిక చరిత్రకారులు నేటికీ వాదించుకుంటారు గానీ, అధికారిక సగటును పట్టుకుని విప్పి చూపించిన ఆ పేజీలకు మాత్రం వయసు మీద పడలేదు.

అంబేడ్కర్ పుస్తకం దీనికి పూర్తిగా భిన్నమైనది. 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' 1923లో లండన్‌లో వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డాక్టరేట్ కోసం రాసిన సిద్ధాంత గ్రంథం అది. అప్పటికి ఆయన ఇంకా నాయకుడు కాలేదు. మహద్ చెరువు పోరాటానికి మరో నాలుగేళ్లు ఉంది. చదవడం కష్టమని ముందే చెబుతున్నాను. నేను మొదటిసారి రెండవ అధ్యాయం దగ్గర వదిలేశాను, రెండవసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాక గానీ దారి దొరకలేదు. విషయం ఇది: 1893కు ముందు ఎవరైనా వెండి తీసుకువెళ్లి టంకశాలలో ఇస్తే రూపాయలు ముద్రించి ఇచ్చేవారు. 1870ల నుంచి ప్రపంచంలో వెండి ధర పడిపోతూ వచ్చేసరికి, రెండు షిల్లింగుల దరిదాపులలో ఉన్న రూపాయి 1893 నాటికి ఒక షిల్లింగు మూడు పెన్నీల దగ్గరకు జారింది. ఇంగ్లండ్‌లో బంగారు లెక్కన చెల్లింపులు చేయవలసిన ప్రభుత్వానికి ఇది భరించరానిదై టంకశాలల తలుపులు మూసింది. ఆ తర్వాత నడిచిన ఏర్పాటు, అంటే రూపాయిని బంగారంతో ఒక రేటు దగ్గర కట్టి ఉంచే పద్ధతి, మంచిదని 1913లో ఆంగ్ల ఆర్థికవేత్త కీన్స్ రాశాడు. కాదని అంబేడ్కర్ రాశాడు. రూపాయికి బంగారంతో ఉన్న రేటు నిలకడగా ఉన్నంత మాత్రాన సరిపోదు, బజారులో సరుకులు కొనగల శక్తి నిలకడగా ఉండాలి, అలా ఉండాలంటే పాలకులు ఇష్టం వచ్చినట్టు నాణెం పెంచే వీలు ఉండకూడదు అన్నది ఆయన వాదనలోని పట్టు.

ఇందులో మిర్చి యార్డుకు సూటిగా తగిలే చోటు ఒకటి ఉంది. రూపాయి పడిపోతే ఎగుమతులకు మేలు కదా అని నాడూ అనేవారు, నేడూ అంటారు. డాలరు పెరిగిన వారం మీ ఎగుమతిదారుల మొహాలు ఎలా వెలుగుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ లాభం బయటి దేశం నుంచి ఊడిపడినది కాదని, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు కాబట్టి దేశంలోని ఒక వర్గం జేబులో నుంచి మరొక వర్గం జేబులోకి వచ్చినదని అంబేడ్కర్ చూపించాడు. కుప్పల దగ్గర కూర్చుని తొడిమలు తీసే ఆడకూలీల రోజు కూలి డాలరుతో పాటు పెరిగిందా అన్నది మీరు మీ కొట్టు లెక్కలతోనే సరిచూసుకోవచ్చు. ఆ పుస్తకానికి ముందుమాట రాసిన ప్రొఫెసరు ఎడ్విన్ కానన్, తాను చాలా విషయాలలో ఈ రచయితతో ఏకీభవించనని చెబుతూనే రాశాడు. నాయకుల పుస్తకాలలో అట్ట వెనుక పొగడ్తలే చూసి విసిగిన కళ్లకు ఆ రెండు పేజీలు ఒక ఊరట. అంబేడ్కర్ ఇంగ్లీషు రచనల సంపుటాలలో ఇది ఆరవ సంపుటంలో ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

పదవికి ముందు రాసిన పుస్తకాలకు ఉన్న గొప్ప సౌకర్యం, తర్వాతి పనులతో సరిచూడవచ్చు. మన్మోహన్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 1964లో భారతదేశ ఎగుమతుల మీద పుస్తకంగా వచ్చింది. మన ఎగుమతులు పెరగకపోవడానికి ప్రపంచంలో గిరాకీ లేకపోవడం కన్నా మన విధానాలే ఎక్కువ కారణమని, ఎగుమతుల మీద ఆశ వదులుకోనక్కరలేదని అందులో వాదించారు. 27 సంవత్సరాల తర్వాత ఆర్థిక మంత్రి కుర్చీలో కూర్చుని ఏం చేశారో మీకు తెలుసు. పుస్తకం మాత్రం ఎండిన కొయ్యలా ఉంటుంది. అవసరమైతే తప్ప కొనకండి.

నాగపూర్ కాంగ్రెస్ తీర్మానం పేరు మీరు విని ఉంటారు. 1959 జనవరిలో, రైతుల భూములను కలిపి ఉమ్మడి సహకార సేద్యం చేయించాలని కాంగ్రెస్ తీర్మానించింది. దాన్ని ఎదిరించిన ఇద్దరు రైతు నాయకులూ రచయితలే కావడం మన అదృష్టం. ఒకరు ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ రద్దు చట్టాన్ని నడిపించిన చరణ్ సింగ్, మరొకరు నిడుబ్రోలు వాసి ఆచార్య ఎన్.జి. రంగా. చరణ్ సింగ్ ఆ ఏడాదే 'జాయింట్ ఫార్మింగ్ ఎక్స్-రేడ్' అని పుస్తకం తెచ్చారు. అధికార పార్టీలో ఉండి, నెహ్రూ కోరుకున్న విధానాన్ని అంకెలతో ఖండిస్తూ పుస్తకం రాయడం నేటి రోజులలో ఊహించడం కష్టం. ఆయన వాదన ఒక్క వాక్యంలో ఇముడుతుంది: పెద్ద కమతంలో మనిషికి దిగుబడి ఎక్కువ రావచ్చు గానీ చిన్న కమతంలో ఎకరాకు దిగుబడి ఎక్కువ, మన దేశంలో కొరత మనుషులకు కాదు, భూమికి. రెండు ఎకరాల మిర్చి తోటలో ఇంటిల్లిపాదీ వంగి పనిచేయడం చూసిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ ఇంటిల్లిపాది శ్రమకు కూలి కట్టి ఖర్చు రాస్తే లెక్క ఏమవుతుందన్న ప్రశ్న, అసలు సెంటు భూమి లేని కూలీకి ఈ లెక్కలో దక్కేది ఏమిటన్న ప్రశ్న, రెండూ ఆ పుస్తకం దగ్గర నాకు మిగిలిపోయాయి. ఆయన 1979లో కొద్ది నెలలు ఆర్థిక మంత్రిగా బడ్జెట్ పెట్టినప్పుడు పల్లెకు ఇచ్చి పట్నం దగ్గర తీసుకున్నారని వచ్చిన విమర్శను చూస్తే, రాసినదానికి, చేసినదానికి మధ్య పెద్ద దూరం లేదనే చెప్పాలి.

రంగా గారు ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠం చెప్పి, రాజకీయాలలో మునగక ముందే, 1920లలో, డెల్టా గ్రామాల ఆర్థిక స్థితి మీద, 1930లో దక్షిణ భారత చేనేత కార్మికుల మీద పుస్తకాలు రాశారు. తర్వాత ఎన్నో రాశారు, స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులయ్యారు. అయితే నా మట్టుకు ఆ తొలి పుస్తకాలే మేలైనవి. అందులో ఉపన్యాసం తక్కువ, ఊళ్లు ఎక్కువ. మన ప్రాంతపు రైతు, నేతగాడు ఏం సంపాదించాడు, ఏం ఖర్చుపెట్టాడు, ఎవరికి బాకీపడ్డాడు అన్నది ఇంగ్లీషు పుస్తకాలలో వెతుక్కోవలసి రావడం, వాటికి తెలుగులో తగినంత ప్రచారం లేకపోవడం మాత్రం బాధ కలిగిస్తుంది.

వ్యాపార పుస్తకాల సంగతి త్వరగా ముగిస్తాను. చిదంబరం గారి 'ఎ వ్యూ ఫ్రమ్ ది అవుట్‌సైడ్' 2004కు ముందు, పదవి లేని రోజులలో పత్రికకు రాసిన వ్యాసాల సంకలనం. 2007లో, మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యాక, అచ్చయింది. బయటి నుంచి అన్న మాటలను లోపలికి వచ్చాక అమలు చేశారా అని సరిచూసుకుంటూ చదివితే సరదాగా ఉంటుంది. మన ముఖ్యమంత్రిగా ఉండగా చంద్రబాబు నాయుడు గారు పాత్రికేయురాలు సెవంతి నైనన్‌తో కలిసి 2000లో 'ప్లెయిన్ స్పీకింగ్' తెచ్చారు. పదవిలో ఉండగా వచ్చే ఏ పుస్తకమైనా జరిగినదాని కన్నా జరగబోయేదాన్ని ఎక్కువ చెబుతుంది కాబట్టి, ఆ సంవత్సరాల రాష్ట్ర బడ్జెట్ పత్రాలు, కాగ్ నివేదికలు పక్కన పెట్టుకుని చదవాలి. అట్ట మీద రెండవ పేరు ఉండడాన్ని మాత్రం లోపంగా చూడకండి. సహాయం తీసుకుని కూడా పేరు వేయని పుస్తకాల కన్నా అది నయం. అమెరికా అధ్యక్షుడు కావడానికి చాలా ముందు, 1987లో ట్రంప్ పేరుతో వచ్చిన 'ది ఆర్ట్ ఆఫ్ ది డీల్' మీద కూడా టోనీ ష్వార్ట్జ్ అన్న పాత్రికేయుడి పేరు ఉంది. దాన్ని రాసినందుకు విచారిస్తున్నానని 2016లో ఆయనే బహిరంగంగా చెప్పాడు. బేరమాడే కళ నేర్చుకోవడానికి మీకు ఆ పుస్తకం అవసరం లేదు. ఉదయం యార్డులో ఒక గంట చాలు.

సింగపూరు మాజీ ప్రధాని లీ క్వాన్ యూ 2000లో తెచ్చిన 'ఫ్రమ్ థర్డ్ వరల్డ్ టు ఫస్ట్' మీ అమ్మాయికి ముందుగా ఇవ్వండి. గెలిచినవాడు చెప్పుకున్న కథ అది, ప్రత్యర్థులకు ఏం జరిగిందన్నది ఆయన చెప్పినంత మేరకే తెలుస్తుంది, నగరమే దేశమైన చోట పల్లె సమస్య ఉండదు కాబట్టి మనకు అది నమూనా కాలేదు. ఇవన్నీ ఆమెకు చెప్పే ఇవ్వండి. అయినా దేశాన్ని ఒక కొట్టులాగా, రోజువారీ జమాఖర్చుతో, ఎలా నడిపారో అంత కళ్లకు కట్టినట్టు చెప్పిన నాయకులు అరుదు. బ్రిటిష్ సైన్యం వెళ్లిపోతామన్నప్పుడు దేశ ఆదాయంలో దాదాపు 20 శాతం దాని ఖర్చుల మీదే ఆధారపడి ఉండడం ఒక అధ్యాయానికి మూలం. పెట్టుబడులు రావాలంటే సింగపూరులో బ్రిటిష్ స్థావరాన్ని నెలకొల్పిన రాఫిల్స్ విగ్రహాన్ని తీసేయకండి అని డచ్చి ఆర్థికవేత్త విన్సేమియస్ ఇచ్చిన సలహా మరొక చోట వస్తుంది. విగ్రహానికీ పెట్టుబడికీ ఉన్న సంబంధం ఏమిటో ఆమెనే అడగండి, ఎం.బి.ఎ. విద్యార్థికి మంచి ప్రశ్న. అది పూర్తయ్యాక నౌరోజీ పుస్తకంలో సగటుల మీద ఉన్న మొదటి పేజీలు, అంబేడ్కర్ పుస్తకంలో రూపాయి పతనం వల్ల ఎవరికి లాభమన్న అధ్యాయం చదివించండి. మొత్తం చదవమని పట్టుబట్టవద్దు.

మీ మిత్రుల విషయంలో ఒక చిన్న పని చేయండి. పుస్తకాలు తిరిగి ఇచ్చేటప్పుడు ఒకరిది మరొకరికి ఇవ్వండి. ఒక నోటు పుస్తకంలో పేజీ మధ్యగా గీత గీసి, ఎడమ పక్కన మే నెల బంగారం, కుడి పక్కన జూలై నెల బంగారం అని రాసి, ఎన్ని టన్నులు, ఎవరి బంగారం, అమ్మకమా తాకట్టా, ఎంత డబ్బు వచ్చింది, ఎవరు ఆర్థిక మంత్రి అన్న అయిదు గడులు నింపమనండి. రెండు పుస్తకాలలో ఏ గడి ఖాళీగా మిగులుతుందో నాకు కూడా రాయండి.